అలారం కేబుల్ లాక్, డిస్క్ లాక్, గొలుసు: బండి నిలిపే చోటును బట్టి ఏది కొనాలి?

మా అన్న కూతురి సైకిల్ పోయిన సాయంత్రం, నక్కలగుట్టలో ట్యూషన్ గేటుకు వేలాడుతూ మిగిలింది ఒక్క కేబుల్ ముక్క. చూపుడు వేలంత మందం ఉంది. కోసిన చోట తీగలు చీపురు పుల్లల్లా విచ్చుకున్నాయి. పిల్ల దాన్ని విప్పి ఇంటికి తెచ్చి నా చేతిలో పెట్టి, “బాబాయ్, ఇది గట్టి లాక్ అనే కదా కొన్నాం?” అని అడిగింది. పదో తరగతి చదువుతోంది. ఏడవలేదు. కానీ ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి కేబుల్ ముక్కను బల్ల మీద పెట్టి బ్లేడుతో చీల్చాను. స్కేలు పెట్టి కొలిస్తే పైకి 12 మిల్లీమీటర్లు. ప్లాస్టిక్ తొడుగు ఒలిచేస్తే లోపల తాడులా పేనిన ఉక్కు తీగ 7 మిల్లీమీటర్లే ఉంది. మిగిలినదంతా నల్లని ప్లాస్టిక్. ఇంట్లో ఉన్న కటింగ్ ప్లయర్‌తో నాలుగైదు తీగల చొప్పున తెంపుకుంటూ పోతే రెండు నిమిషాల్లోపే రెండు ముక్కలైంది. మర్నాడు మా వీధి చివర వెల్డింగ్ షాపులో అడిగి బోల్ట్ కట్టర్ పెట్టి చూశాను. ఒక్క నొక్కుకే తెగింది. షాపులో కేబుల్ మందం చూసి ధైర్యపడే ప్రతి ఒక్కరూ ఈ ఒక్క పని చేసి చూస్తే బాగుండునని అప్పుడు అనిపించింది.

కొత్త సైకిల్ వచ్చింది. దానికీ, నా బండికీ ఏది వేయాలో తేల్చుకోవడానికి మామూలు కేబుల్ లాక్, అలారం ఉన్న కేబుల్ లాక్, అలారం ఉన్న డిస్క్ లాక్ (బ్రేకు పళ్లెం రంధ్రంలో వేసేది), ఉక్కు గొలుసు, ఈ నాలుగూ తెచ్చి ఎండాకాలం నుంచి వానాకాలం దాకా వాడాను. హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో బండి ఎక్కడెక్కడ నిలబెడతామో అక్కడల్లా నిలిపి చూశాను. తేలిందేమిటంటే, అలారం ఉన్న కేబుల్ లాక్ మంచిదా కాదా అన్నది లాక్‌ను చూసి చెప్పలేం. బండి నిలిచిన చోట ఆ చప్పుడు విని లేచి వచ్చే మనిషి ఉన్నాడా అన్నదే తేలుస్తుంది. దొంగను కేబుల్ కాసేపు ఆపుతుంది. ఆ కాసేపట్లో ఎవరో ఒకరు రావాలి. వచ్చేవాళ్లు ఉన్నచోట ఇది చవకైన, తేలికైన, మంచి లాక్. లేనిచోట దాని మీద పెట్టిన డబ్బు గొలుసు మీద పెట్టాలి.

లోపల ఏముంటుంది

తాళం భాగంలో కదలికను పసిగట్టే సెన్సర్, చిన్న సర్క్యూట్, శబ్దం చేసే పలుచని పైజో బిళ్ల, వీటికి కరెంటు ఇచ్చే సెల్లులు ఉంటాయి. చౌక రకాల్లో సెన్సర్ అంటే చాలా మటుకు ఒక చిన్న సూది, దానికి తగలకుండా చుట్టూ నిలబెట్టిన సన్నని స్ప్రింగు. బండిని కదిపితే స్ప్రింగు ఊగి సూదిని తాకుతుంది, సర్క్యూట్ మేల్కొంటుంది. చాలావాటిలో మొదటి తాకిడికి రెండు మూడు చిన్న కూతలు మాత్రమే వస్తాయి. అది హెచ్చరిక. కొన్ని క్షణాల్లో మళ్లీ కదిలితే అసలు సైరన్ మొదలవుతుంది. పొరపాటున తగిలిన మనిషి పక్కకు జరిగిపోవడానికి ఆ వ్యవధి ఉంచారు. అది చాలా అవసరమైన ఏర్పాటు, అది లేని లాక్ కొనకండి.

ఇంకో రకంలో కేబుల్ లోపల ఉక్కు తీగల మధ్య నుంచి ఒక సన్నని విద్యుత్ తీగ కూడా పోతుంది. అందులో ఎప్పుడూ కొద్దిపాటి కరెంటు పారుతుంటుంది. కేబుల్ తెగితే ఆ వలయం తెగి సైరన్ మోగుతుంది. మొదటి రకం కదిలితేనే మోగుతుంది, రెండోది తెగితే మోగుతుంది. రెండూ కలిసి ఉన్నది అన్నిటికంటే మేలు. వరంగల్ జేపీఎన్ రోడ్డులో ఒక షాపాయనను ఇదే అడిగితే, “పెట్టె మీద రాసి లేకపోతే కదిపితే మోగేదే అనుకోండి అన్నా” అన్నాడు. నిజాయతీగల మాట. మీరు కూడా కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: కదిపితే మోగుతుందా, కోస్తే మోగుతుందా?

110 డెసిబెళ్లంటే మీ మంచం దగ్గర ఎంత?

పెట్టె మీద 110 అనో 120 అనో పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఎంత దూరంలో కొలిచారో చాలాసార్లు ఉండదు. మీటరు దూరంలో కొలిచారనే అనుకుందాం. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. అంటే మీటరు దగ్గర 110 ఉన్నది 10 మీటర్ల దగ్గర 90, 20 మీటర్ల దగ్గర 84 అవుతుంది. మధ్యలో గోడ, మూసిన కిటికీ ఉంటే ఇంకా పడిపోతుంది. కాగితం మీద ఇది పెద్ద తగ్గుదలలా కనిపించదు. నాకు అది అర్థమైంది మే నెల రాత్రి.

మా ఇల్లు హనుమకొండలో ఒక సందులో ఉంటుంది. బండి గేటు లోపల మెట్ల కింద నిలబెడతాం, పడక గది వెనక వైపు. మే నెలలో మా ఊళ్లో పగలు 43, 44 డిగ్రీలు మామూలే, రాత్రంతా కూలర్ ఆగదు. లాక్ వేసి అలారం పెట్టి, నేను వెళ్లి మంచం మీద పడుకుని మా ఆవిడను బండి కదపమన్నాను. కూలర్ రొద తప్ప నాకేమీ వినపడలేదు. ఇంకా కదపలేదేమో అనుకుని లేచి వెళ్లి, “కదిపావా?” అంటే, “రెండుసార్లు మోగింది, మీకు వినపడలేదా?” అని ఆశ్చర్యపోయింది. ఆ మాటలు అయ్యేలోపు ఎదురింటి పెద్దమ్మ గేటు దగ్గరికి వచ్చేసింది. ఆమె వరండాలో పడుకుంటుంది. “ఏమిటి బిడ్డా ఆ కూత, ఏమన్నా అయిందా?” అని అడిగింది.

మా బండికి కాపలా ఎవరో ఆ రాత్రి తెలిసింది. అలారం లాక్ కొన్నవాళ్లు చేయాల్సిన తొలి పని ఇదే. రాత్రిపూట కూలరో ఏసీయో నడుస్తుండగా మోగించి, మీకు వినపడుతుందా, మీకు కాకపోతే ఎవరికి వినపడుతుంది అన్నది చూసుకోవాలి. ఎవరికీ వినపడకపోతే బండిని కిటికీ కిందికి మార్చాలి, లేదా ఆ లాక్ మీ ఇంటికి పనికిరాదని ఒప్పుకోవాలి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఆ తర్వాత వారంలో పిల్లి సీటు మీదికి ఎక్కి మూడుసార్లు అలారం మోగించింది. మూడుసార్లూ పెద్దమ్మ లేచి వచ్చింది. నాలుగోసారి రాలేదు. ఆమె తప్పు ఏమీ లేదు. ఊరికే మోగే అలారం చుట్టుపక్కల వాళ్ల చెవులను అలవాటు చేసేస్తుంది, అసలు రోజున ఎవరూ లేవరు. ధ్వని కాలుష్య నియమాలు 2000 సంవత్సరం నుంచి ఉన్నాయి. వాటి ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పరిమితి 45 డెసిబెళ్లు. మనం మోగించేది దానికి ఎన్నో రెట్లు. పొరుగువారి నిద్రను అరువు తెచ్చుకుంటున్నామన్న ఎరుక ఉండాలి. సెన్సర్ తీవ్రతను తగ్గించే మీట ఉన్న లాక్ దొరికితే కొంచెం ధర ఎక్కువైనా అదే తీసుకోండి. మాకు దొరికినదానికి అది లేదు. బండిని సైడ్ స్టాండు మీద కాకుండా మెయిన్ స్టాండు మీద నిలబెట్టి, లాక్‌ను సీటుకు దూరంగా వెనక చక్రం దగ్గర వేసేసరికి పిల్లి గొడవ చాలావరకు తగ్గింది.

ఏ చోటుకు ఏది

రైల్వే స్టేషన్ పక్కన డబ్బు తీసుకునే స్టాండులో అలారం పెట్టి వెళ్లకండి. నేను ఒకసారి పెట్టి పొద్దున రైలెక్కాను. ఆ స్టాండుల్లో కొత్త బండి వచ్చినప్పుడల్లా పాతవాటిని చేత్తో ఎత్తి జరుపుతారు, హ్యాండిళ్లు ఒకదానికొకటి తగులుతూనే ఉంటాయి. సాయంత్రం వచ్చేసరికి సెల్లులు అయిపోయి లాక్ మూగబోయింది. స్టాండు అబ్బాయి, “పొద్దంతా మొత్తుకుంటూనే ఉంది సార్” అన్నాడు, మొహంలో అలసట కనిపించింది. అక్కడ హ్యాండిల్ లాక్, దానికి తోడు అలారం లేకుండా మామూలుగా వేసిన లాక్ ఒకటి చాలు. టోకెన్ మాత్రం బండి మీద పెట్టి వెళ్లకండి. స్టాండులో బండి బయటికి రావాలంటే కావలసింది అదే.

ఎనుమాముల మార్కెట్ యార్డుకు మిర్చి సీజన్‌లో వెళ్లే రైతులకు కూడా అలారం పనికిరాదు. ట్రాలీలు, లారీలు, హమాలీల కేకలు, వేలం పాటలు, వీటి మధ్య ఒక సైరన్ ఎవరి దృష్టినీ లాగదు. పైగా బస్తా తగిలినప్పుడల్లా మోగుతుంది. గొలుసు వేసి, నలుగురు నడిచే దారిలో బండి నిలిపితే నయం.

మేడారం జాతర ఇంకో రకం చిక్కు. రెండేళ్లకోసారి మాఘ మాసంలో వచ్చే జాతరకు బండి మీద వెళ్లేవాళ్లకు తెలిసిందే, పార్కింగ్ అంటే కోసేసిన పొలం. కట్టడానికి స్తంభం ఉండదు, గేటు ఉండదు. పొడవాటి కేబుల్ అక్కరకొచ్చేది ఇక్కడే. తోడు వచ్చినవాళ్ల బండితో కలిపి, రెండు బండ్ల వెనక చక్రాల లోంచి, ఫ్రేముల లోంచి ఒకే కేబుల్ తిప్పి వేస్తే రెండింటినీ ఒకేసారి ఎత్తుకుపోవడం తేలిక కాదు. ఒకదానిని ముందుకూ, రెండోదానిని వెనక్కూ తిప్పి నిలబెడితే ఇంకా మంచిది. గొలుసైతే అంత పొడవుది మోయలేం. అలారం మాత్రం ఆపేయండి, జనం రాపిడికి అది ఆగదు.

ఆసుపత్రి ముందు నిలబెట్టినప్పుడూ అలారం వద్దు. లోపల ఎవరి ఇంటివాళ్లో నొప్పితో పడుకుని ఉంటారు.

మరి అలారం ఎక్కడ పనిచేస్తుంది? ఇంటి సందులో, అపార్ట్‌మెంటు సెల్లారులో వాచ్‌మన్ గది దగ్గర, ట్యూషన్ గేటు ముందు, కిరాణా కొట్టు ముందు, హాస్టల్ గది కిటికీ కింద. చప్పుడు తక్కువ, మనుషులు దగ్గర, బండ్లు ఒకదానికొకటి ఆనుకోని చోటు. మా పిల్ల సైకిల్ పోయిన గేటు ముందు ఈ అలారం మోగి ఉంటే, లోపల కూర్చున్న నలభై మంది పిల్లల్లో సగం మంది బయటికి పరుగెత్తేవాళ్లు. ఆమె కొత్త సైకిల్‌కు నేను అలారం కేబుల్ లాకే ఎంచుకోవడానికి కారణం అదే.

వ్యవసాయ బావి దగ్గర మోటారు వైర్లు, స్టార్టర్ డబ్బాలు పోతున్నాయని బాధపడే రైతులు కూడా ఈ లాక్ గురించి అడిగారు. ఊరికి కిలోమీటరు దూరంలో మోగే సైరన్ ఎవరికీ వినపడదు. అక్కడికి వెల్డింగ్ చేయించిన ఇనుప పెట్టె, మందపాటి తాళం కప్ప కావాలి. చప్పుడు మీద నమ్మకం పెట్టుకోవద్దని వాళ్లకు గట్టిగా చెప్పాను.

మిగతా లాకులతో పోలిస్తే

మామూలు కేబుల్ లాక్‌కు నేను రూ. 250, అలారం ఉన్నదానికి రూ. 750 పెట్టాను. రెండింటి కేబుల్ బలంలో నాకు తేడా కనిపించలేదు. అంటే ఎక్కువ ఇచ్చిన 500 రూపాయలూ ఆ చప్పుడుకే. వినేవాళ్లు ఉన్నచోట అది మంచి ఖర్చు. మామూలు కేబుల్‌ను నేనిప్పుడు హెల్మెట్‌ను బండికి కట్టడానికి మాత్రమే వాడుతున్నాను. హెల్మెట్‌ను గడ్డం పట్టీకి తగిలిస్తే పట్టీ కోస్తే చాలు, ముఖం తెరిచిన చోటు నుంచి మెడ దగ్గరికి కేబుల్ దూర్చాలి.

అలారం డిస్క్ లాక్ చిన్నది, జేబులో పడుతుంది, కోయడానికి కేబుల్ లాంటిది ఏదీ ఉండదు. కానీ బండికి డిస్క్ బ్రేకు ఉండాలి. మన దగ్గర తిరిగే 100 సీసీ బండ్లలోనూ స్కూటర్లలోనూ ఇంకా ఎన్నిటికో ముందూ వెనకా డ్రమ్ బ్రేకులే. కొనడానికి వెళ్లేముందు ముందు చక్రం చూసుకోండి, రంధ్రాలున్న గుండ్రని ఉక్కు పళ్లెం కనిపించకపోతే ఈ లాక్ మీకు కాదు. పిన్ను మందం డిస్క్ రంధ్రంలో దూరుతుందా అన్నదీ చూడాలి, 6, 7, 10 మిల్లీమీటర్ల పిన్నులు వస్తున్నాయి. రెండు లోపాలున్నాయి. ఇది బండిని దేనికీ కట్టదు, కాబట్టి ఇద్దరు కలిసి ఎత్తి ట్రాలీలో వేసుకుంటే చక్రం తిరగాల్సిన పనే లేదు. రెండోది ప్రమాదకరం: లాక్ ఉందని మరిచి బండి ముందుకు ఉరికిస్తే పడిపోతాం, డిస్కూ వంగుతుంది. అలారం కూత ఇక్కడ దొంగను బెదిరించడం కంటే మనల్ని హెచ్చరించడానికే ఎక్కువ పనికొస్తుంది. లాక్ ఉందని గుర్తుచేయడానికి దాంతోపాటు వచ్చే రంగు స్ప్రింగు తీగను హ్యాండిల్‌కు తగిలించడం మానకండి.

రాత్రంతా వీధిలో, ఎవరూ వినని చోట నిలిచే బండికి గొలుసే సరైనది. అయితే గొలుసులన్నీ ఒకటి కావు. హార్డ్‌వేర్ షాపులో మీటరు లెక్కన కోసిచ్చేది చాలావరకు మెత్తని ఇనుము, హ్యాక్సా బ్లేడుకు లొంగుతుంది. లాకుల కోసం చేసేది గట్టిపరచిన ఉక్కు. తేడా తెలుసుకోవడానికి ఒక ఆకురాయి చాలు. లింకు మూల మీద గీస్తే మెత్తని ఇనుములో అది కొరుకుతుంది, తెల్లని గాటు పడుతుంది. గట్టిపరచిన ఉక్కు మీద గాజు మీద జారినట్టు జారిపోతుంది. షాపాయన ఒప్పుకోకపోతే, మీ సొంత పాత గొలుసు మీదే ఇంట్లో చూసుకోండి. బరువు మాత్రం భరించాలి. 10 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకు రెండు కిలోల పైనే తూగుతుంది. పిల్లల సైకిల్ మీద అంత బరువు మోయించలేం. బండి సీటు కింద అంత చోటూ ఉండదు.

ఇన్ని చూశాక నాకు నచ్చినది ఒక కలయిక: గట్టిపరచిన గొలుసు, దానికి అలారం ఉన్న తాళం కప్ప. గొలుసు ఆపుతుంది, కప్ప పిలుస్తుంది. నా బండికి ఇంటి దగ్గర ఇప్పుడు ఇదే. గొలుసు ఎక్కడికీ మోయను, మెట్ల కింద కొక్కేనికే వేలాడుతూ ఉంటుంది. బయటికి వెళ్లినప్పుడు అలారం కేబుల్ లాక్ తీసుకెళ్తాను.

సైకిళ్లకు వచ్చే యూ ఆకారపు లాక్ కేబుల్ కంటే చాలా బలమైనది, కానీ లావు స్తంభానికి పట్టదు. బండి బ్యాటరీకి కలిపే రిమోట్ అలారాలు ఉన్నాయి. వైర్లు కోసి అతికిస్తే కంపెనీ వారంటీకి ఇబ్బంది రావచ్చు, వారాల తరబడి కదపని బండికి బ్యాటరీ దిగిపోతుంది. జీపీఎస్ పరికరం బండి పోయాక అది ఎక్కడుందో చెబుతుంది. ఖరీదైన బండికి అది అదనంగా పెట్టుకోవచ్చు, లాక్‌కు బదులుగా మాత్రం వద్దు.

బిగించే పద్ధతి

ఇంటికి తెచ్చాక ముందు సెల్లుల మూత తెరవండి. కొత్తదానిలో సెల్లుకూ రేకుకూ మధ్య పలుచని ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, దాన్ని లాగేయాలి. మోగడం లేదని షాపుకు తిరిగి తీసుకెళ్లేవాళ్లలో చాలామందికి ఇదే కారణమట. మూత చుట్టూ ఉన్న రబ్బరు రింగు సరిగ్గా గాడిలో కూర్చున్నాకే స్క్రూలు బిగించండి. ఆ రింగు మెలిపడితే మొదటి వానకే నీళ్లు దిగుతాయి. పరీక్షించేటప్పుడు చెవి దగ్గర పెట్టుకోవద్దు. శబ్దం వచ్చే రంధ్రాలను బొటనవేలితో మూసి మోగిస్తే సరిపోతుంది.

చాలా లాకుల్లో తాళం చెవి తిప్పే తీరును బట్టి అలారంతో వేయడం, అలారం లేకుండా వేయడం అని రెండు పద్ధతులుంటాయి. వాటిని పగటిపూట పది సార్లు వేసి తీసి చేతికి అలవాటు చేసుకోండి. రాత్రి పదకొండుకు సందులో నిలబడి నేర్చుకోవడం పొరుగువారికి మంచిది కాదు. అంకెల లాక్ అయితే వచ్చినప్పుడు ఉండే 0000 వెంటనే మార్చాలి. మూడంకెల లాక్‌లో మొత్తం 1000 కలయికలే. ఒక్కోదానికి రెండు సెకన్లనుకున్నా సుమారు 33 నిమిషాల్లో అన్నీ తిప్పి చూడవచ్చు. నాలుగంకెలైతే అది ఐదున్నర గంటలు దాటుతుంది. బండి నంబరు, పుట్టిన సంవత్సరం పెట్టకండి.

ఇక కేబుల్ తిప్పడం. ముందు చక్రానికి మాత్రమే వేస్తే, గేర్ల సైకిళ్లలో చేత్తో విప్పే మీట ఉన్న చక్రమైతే, చక్రం మీకు మిగిలి సైకిల్ పోతుంది. వెనక చక్రం, ఫ్రేము, కదలని వస్తువు, ఈ మూడింటినీ ఒకే చుట్టులో కలపాలి. బండికైతే వెనక అల్లాయ్ చక్రం లోంచీ, ఫ్రేము లోంచీ తిప్పండి. సారీ గార్డుకో, ఫుట్‌రెస్టుకో వేస్తే అవి బోల్టులు విప్పితే ఊడే వస్తువులు. కదలని వస్తువు నిజంగా కదలదా అన్నది ఒకసారి చేత్తో ఎత్తి చూడండి. మా గేటు విషయంలో నేనే మోసపోయాను. గట్టి ఇనుప గేటే, కానీ పైకి ఎత్తితే ఇరుసుల నుంచి మొత్తం ఊడి వచ్చేస్తుంది. మేము మెట్ల కింద కాంక్రీటులో 12 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టు దింపించి దానికి రింగు వెల్డింగ్ చేయించాం. ఇటుక గోడలో ఇది అంత గట్టిగా పట్టదు, కాంక్రీటు ఉన్నచోటే దింపించండి.

కేబుల్ వదులుగా నేల మీద పడి ఉండకూడదు. కట్టర్ ఒక పిడిని నేలకు ఆనించి మొత్తం బరువు వేయడానికి అది వీలు కల్పిస్తుంది. పొడవు మిగిలితే ఇంకో చుట్టు తిప్పి పైకి బిగించండి. తాళం చెవి దూర్చే రంధ్రం కిందివైపుకు ఉంటే వాననీరు, దుమ్ము దిగవు. సైకిల్ తొక్కేటప్పుడు కేబుల్‌ను ఫ్రేముకు బిగించిన పట్టీలోనే పెట్టాలి. హ్యాండిల్‌కు చుట్టి వేలాడదీస్తే జారి చక్రం పుల్లల్లో పడి పిల్లలు బోర్లా పడతారు. ఈ ఒక్క విషయం పిల్లలకు దగ్గర కూర్చోబెట్టుకుని చూపించండి.

సెల్లులు, వేడి, వాన

ఎక్కువ లాకుల్లో ఎల్ఆర్44 అనే బటన్ సెల్లులు నాలుగో ఆరో ఉంటాయి. ఎండలో నిలిచిన బండి మీద లాక్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ఆ వేడికి చౌక సెల్లులు త్వరగా దిగిపోతాయి, కారుతాయి కూడా. జూన్‌లో మూత తెరిచి చూస్తే మా లాక్‌లో రేకుల మీద తెల్లని పొడి పేరుకుంది. అది సెల్లు లోపలి క్షారం. పాత సెల్లులు తీసేసి, చెవిలో పెట్టుకునే దూది పుల్లను నిమ్మరసంలో ముంచి రుద్దితే నురగ వచ్చి వదిలింది. తర్వాత స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక కొత్తవి వేశాను. చేతికి ఆ పొడి తగలనివ్వకండి. సెల్లులన్నీ ఒకేసారి మార్చాలి, పాతదానితో కొత్తది కలిపితే కొత్తదీ త్వరగా పోతుంది. కూత సన్నబడితే సెల్లు అయిపోతోందని అర్థం, మూగబోయే దాకా ఆగవద్దు.

తీసిన బటన్ సెల్లులు పసిపిల్లలకు అందే చోట క్షణం కూడా పెట్టకండి. మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాలుతుంది. అలాంటిది జరిగితే ఇంటి వైద్యం ఏదీ చేయకుండా నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాలి.

తాళం చెవి రంధ్రంలో నూనె పోస్తే మన దుమ్ముకు అది జిగురులా పట్టేస్తుంది. పెన్సిల్ ములుకు గీకిన పొడి కొద్దిగా చల్లి చెవి నాలుగుసార్లు తిప్పండి.

కొన్న బిల్లు, బండి ఛాసిస్ నంబరు, సైకిల్ అయితే పెడళ్ల ఇరుసు కింద చెక్కిన నంబరు ఫోటో తీసి ఫోనులో ఉంచుకోండి. మా పిల్ల సైకిల్ నంబరు మా దగ్గర లేదు. ఫిర్యాదులో “నీలం రంగు సైకిల్” అని మాత్రమే రాయగలిగాం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) ప్రకారం ఫిర్యాదును ఎలక్ట్రానిక్ పద్ధతిలో కూడా ఇవ్వవచ్చు, మూడు రోజుల్లోపు సంతకం చేయాలి. బండికి బీమా ఉంటే కంపెనీ రెండు తాళం చెవులూ అడుగుతుంది. కాబట్టి రెండో చెవిని మొదటిదానితో కలిపి ఒకే గుత్తికి వేయకండి.

ఇప్పుడు నెల మొదటి ఆదివారం పొద్దున పిల్ల తన సైకిల్ లాక్, నా తాళం కప్ప రెండూ మోగించి చూస్తుంది. దానికి ముందు సందు దాటి వెళ్లి, “పెద్దమ్మా, ఇప్పుడు మోగేది మేమే” అని చెప్పి వస్తుంది.